ఫాదర్ గారి ద్రాక్షగోడ

మొన్న ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చి, పటమటలో మా ఇంటి వరండాలో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఉండగా మా చెల్లెలి కూతురూ అల్లుడూ వచ్చారు. పిల్లలు హాస్టళ్ళకు వెళ్ళిపోయినప్పటి నుంచి ఆ ఇద్దరికీ ఊళ్ళు తిరగడం ఒక సరదా అయింది. ఈసారి ఇటలీ చూసి వచ్చారట. నాకోసమని సంచిలోంచి జానెడు పొడుగున్న సన్నటి సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టి, "మందు అనుకునేవు పెద్దమ్మా, కాదు. సముద్రం పక్కన కొండల మీద పండే ద్రాక్షతో చేసిన తీపి వైను. గుక్కెడు తాగితే చాలన్నారు అక్కడ," అంది.

సీసాకు అంటించిన కాగితం మీద చిన్న బొమ్మ ఉంది. కింద సముద్రం, పైన కొండ, కొండ నిండా మెట్లు మెట్లుగా గోడలు. కళ్ళజోడు తెచ్చుకుని చాలాసేపు చూసి, ఆ గోడల్లో సున్నం గానీ సిమెంటు గానీ ఉండదని అన్నాను. హైదరాబాదు దాటి ఎరగని పెద్దమ్మకు ఆ సంగతి ఎట్లా తెలిసిందా అని అది ఆశ్చర్యపోయింది గానీ, బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరిదో ఫంక్షనుకు టైమైపోతోందని లేచి, మళ్ళీ వచ్చినప్పుడు వింటానని వెళ్ళిపోయింది. వాళ్ళను తప్పు పట్టడం లేదు, ఈ కాలపు పరుగు అటువంటిది. మీరైతే నా ఈడువాళ్ళు, కూర్చుని వింటారు కాబట్టి మీకు చెబుతాను.

నేను నర్సు చదువు ముగించి పనిలో చేరిన కొత్తల మాట ఇది. మాది కృష్ణమ్మ సముద్రంలో కలిసే వైపు, కాలవ గట్టు మీది ఊరు. సగం మంది చేపల వేటకు పోయేవాళ్ళు, సగం మంది పొలం పనులు చేసుకునేవాళ్ళు. మా నాన్న తాపీ మేస్త్రి. ఊరి చివర మిషన్ కాంపౌండు ఉండేది. అందులో గుడి, బడి, మందులిచ్చే చిన్న ఆస్పత్రి, ఇసక తిన్నెల మీది నుంచి వచ్చే గాలికి ఎప్పుడూ గలగలలాడే కొబ్బరిచెట్లు. ఆస్పత్రి చూసేది ఒక మలయాళీ సిస్టర్ గారు. రోములో కొన్నేళ్ళు చదువుకుని వచ్చిన మనిషి, మాటలో కరుకు, చేతిలో మెత్తన. నన్ను పనిలో పెట్టుకున్నది ఆవిడే. గుడీ బడీ చూసేది ఫాదర్ గారు. ఆయన ఇటలీ దేశస్థుడు. పడుచుతనంలో ఓడెక్కి బొంబాయిలో దిగి, అక్కణ్ణించి రైల్లో బెజవాడ, బెజవాడ నుంచి కాలవలో పడవ మీద మా ఊరు వచ్చి, ఇక కదలలేదు. నేను పుట్టినప్పుడు నాకు జ్ఞానస్నానం ఇచ్చిందీ ఆయనే.

ఆయన తెలుగు గురించి కాస్త చెప్పాలి. వచ్చిన కొత్తలో ఆయనకు అక్షరాలు దిద్దించిన పంతులు గారు, ఏ మాట తప్పు వచ్చినా ఫరవాలేదు, చివర 'అండీ' చేర్చండి, ఎవరికీ కోపం రాదు అని చెప్పారట. దాన్ని ఆయన వేదవాక్కులా పట్టుకున్నారు. బిషప్ గారికీ అండీ, కల్లు తాగి గుడి మెట్ల మీద పడున్నవాడికీ అండీ. కాంపౌండులోకి చొరబడిన మేకను కూడా "బయటికి పొండి, పొండి" అని తోలేవారు. 'ళ' పలకడం మాత్రం చచ్చినా రాలేదు. నీళ్ళను నీల్లు అనేవారు, మేమూ ఆయన ముందు నీల్లనే అనేవాళ్ళం.

సాయంత్రాలు రోగుల రద్దీ తగ్గాక ఆస్పత్రి అరుగు మీద కూర్చుని ఆయన తన ఊరి ముచ్చట్లు చెప్పేవారు. లిగూరియా అనే సీమ అది. కొండ నేరుగా సముద్రంలోకి దిగిపోతుందట, చాప పరుచుకునేంత చదును కూడా ఎక్కడా ఉండదట. అందుకని తాతముత్తాతల నాటి నుంచి కొండను మెట్లుగా చెక్కి, ఒక్కో మెట్టుకు రాళ్ళు పేర్చి గోడ కట్టి, గోడ వెనక బుట్టలతో మట్టి మోసి పోసి, ఆ మట్టిలో ద్రాక్ష నాటుకున్నారట. వానకు మట్టి జారితే మళ్ళీ దిగి అదే మట్టిని ఎత్తి నెత్తిన పెట్టుకుని ఎక్కాల్సిందే. సముద్రపు గాలికి తీగలు ఎత్తుగా నిలవవు కాబట్టి పందిళ్ళు నడుమెత్తు కూడా ఉండవట, కోతల్లో మనుషులు వాటి కింద పాక్కుంటూ పోయి గుత్తులు కోయాలట. ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని మెట్లు దిగేవాళ్ళట. కొన్ని చోట్ల కిందికి పడవే వచ్చి పండ్లు ఎత్తుకుపోయేదట.

అన్నింటికన్నా నాకు వింతగా తోచింది తీపి వైను సంగతి. మంచి గుత్తులు ఏరి, గాలి ఆడే గదిలో నీడన వేలాడదీసి, ముడతలు పడేదాకా ఆరనిచ్చి, అప్పుడు పండూ పండూ ఒలిచి రసం తీస్తారట. బుట్టెడు పండుకు గ్లాసెడు కూడా రాదట. దాన్ని రోజూ తాగరు; పెళ్ళిళ్ళకు, బాలింతలకు, ప్రాణం మీదికి వచ్చిన రోగులకు దాచి ఉంచుతారు. మా అమ్మ అది విని, "బాలింతలకు పెట్టే మన కాయం ముద్ద లాంటిదన్నమాట," అని తేల్చేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఇటలీ కాయం అంటే అదే.

ఆ దేశం నుంచి వచ్చిన ఎవరో ఫాదరు తడిగుడ్డలో చుట్టి రెండు ద్రాక్ష కొమ్మలు తెచ్చి ఇచ్చారు. ఆయన ఎంతో ఆశగా నాటారు. మాది నల్లరేగడి, వానాకాలమంతా నీరు నిలిచే నేల. మొదటి ముసురుకే ఒక కొమ్మ వేళ్ళు కుళ్ళి చచ్చిపోయింది. రెండోదాన్ని కుండలోకి మార్చి, దానికి ఎత్తయిన చోటు కావాలన్నారు. ఎత్తంటే మట్టిదిబ్బ కాదు, తన ఊళ్ళోలాగా రాతి గోడ. కృష్ణా డెల్టాలో మట్టి ఎంత లోతు తవ్వినా మట్టే, గులకరాయి కూడా తగలదు. రాళ్ళు బెజవాడ కొండల దగ్గర నుంచి లారీలో రావాలి. వచ్చాయి. పాఠశాల ఆవరణలో కుప్ప పోస్తే పిల్లలు వాటి చుట్టూ తిరిగి చూశారు, కొందరికి అంత రాయి చూడటం అదే మొదలు.

గోడ కట్టడానికి మా నాన్నను పిలిచారు. సున్నం ఎంత కావాలని మా నాన్న అడిగితే, సున్నం వద్దు, సిమెంటూ వద్దు, రాయి మీద రాయి పేర్చడమే అన్నారాయన.

"అట్టా ఎట్టా ఉంటదండీ ఫాదర్ గారూ? రెండు వానలకి కూలుద్ది. ఊళ్ళో నన్ను మేస్త్రి అనరు ఆ తరవాత."

"సిమెంటు గోడ నీల్లు ఆపుతుందండీ. నీల్లు వెనక నిలబడి నిలబడి ఒకరోజు గోడను తోసేస్తుందండీ. ఈ గోడ నీల్లు తాగి వదిలేస్తుంది. మీరు పేర్చండి, నేను పక్కన ఉంటాను."

ఆయన చొక్కా చేతులు మడిచి దిగారు. పెద్ద రాళ్ళు కింద, వెనక్కి కొద్దిగా వాలు, సందుల్లో చిన్న రాళ్ళు బిగింపు, వెనకాల చిల్ల పెంకులు. మా నాన్న మొదట తిట్టుకుంటూ, తరవాత పంతం పట్టి, చివరికి ఇష్టపడి కట్టాడు. అన్నానికి ఇంటికి వచ్చినప్పుడు కూడా కంచం పక్కన ఉల్లిపాయ ముక్కలు పేర్చి చూసుకునేవాడు. నడుమెత్తు గోడ, దాని వెనక ఇసకా రేగడీ కలిపి నింపిన అరుగు, దాని మీద పందిరి. తీగ బతికింది. చలి లేని మన ఎండకు అది ఆకు రాల్చి నిద్రపోవడం మరిచిపోతుందని, ఏటా వానలు వెనకపట్టాక, క్రిస్మసు ముందూ వెనకా, ఆయనే కొమ్మలు కత్తిరించి ఆకులు దూసేవారు. ఈస్టరు నాటికి నాలుగు గుత్తులు కాసేవి. పుల్లటివి, నల్లటివి, తోలు మందం. అవి కూడా చాలావరకు గోరింకల పాలే. వైను చేసేంత పండు ఎన్నడూ దక్కలేదు.

ఒక ఏడు క్రిస్మసు వెళ్ళిన కొద్ది రోజులకు, పొద్దున పూజ అయ్యాక, కత్తెర పట్టుకుని ఆ అరుగు మీదే పని చేస్తూ ఆయన పడిపోయారు. బడి పిల్లలు పరుగెత్తుకు వస్తే నేనూ సిస్టర్ గారూ వెళ్ళాం. నోరు ఒక పక్కకు లాగేసింది, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. జీపులో నా ఒళ్ళో తల పెట్టుకుని బెజవాడ తీసుకువెళ్ళాం. ప్రాణం నిలిచింది. కొన్ని రోజులకు మాట కూడా వచ్చింది. మాట వచ్చిందని నేను సంతోషంతో మంచం దగ్గరికి వెళ్ళి "ఫాదర్ గారూ, ఎట్లా ఉందండీ?" అని అడిగితే, ఆయన నా మొహంలోకి చూసి గలగలా ఏదో అన్నారు. ఒక్క ముక్క తెలుగు కాదు.

నేను ఇంగ్లీషులో అడిగాను. లాభం లేదు. సిస్టర్ గారు తనకు వచ్చిన ఇటలీ భాషలో అడిగారు. ఆయన ఆవిడ వైపు తిరిగి మరింత త్వరగా మాట్లాడారు గానీ ఆవిడ తల అడ్డంగా ఆడించింది. అది చదువుకున్న ఇటలీ భాష కాదు, ఆ కొండ ఊళ్ళలో ఇంట్లో మాట్లాడుకునే యాస, తనకూ ఒకటి రెండు మాటలే అందుతున్నాయి అంది. డాక్టరు గారు మమ్మల్ని బయటికి పిలిచి, మెదడుకు దెబ్బ తగిలినప్పుడు అరుదుగా ఇట్లా జరుగుతుందని, తరవాత నేర్చుకున్న భాషలన్నీ పోయి తల్లి దగ్గర నేర్చుకున్నదొక్కటే మిగలవచ్చని చెప్పారు. తిరిగి వస్తాయా అంటే ఏమీ చెప్పలేనన్నారు.

మళ్ళీ ఊరికి తీసుకువచ్చాం. ఆ నెలల గురించి చెప్పడం కష్టంగా ఉంది. ఊరు ఊరంతా ఒకరి తరవాత ఒకరు వచ్చేవాళ్ళు. తమ పెళ్ళిళ్ళు చేసిన మనిషి, తమ పిల్లలకు పేర్లు పెట్టిన మనిషి, తుఫాను తరవాత తమతో పాటు శవాలు మోసిన మనిషి. వచ్చి మంచం పక్కన నిలబడి, "నన్ను గుర్తు పట్టారా అండీ?" అని అడిగేవాళ్ళు. ఆయన మర్యాదగా చూసేవారు, కొత్తవాళ్ళను చూసినట్టు. ఎడమ చెయ్యి పైకెత్తి సిలువ గుర్తు వేసేవారు. వాళ్ళు బయటికి వచ్చి గుడి గోడకు ఆనుకుని ఏడ్చేవాళ్ళు. మా నాన్న ఒక్కసారి వచ్చి వెళ్ళి, మళ్ళీ లోపలికి రాలేదు. కిటికీ అవతల నుంచి చూసి పోయేవాడు.

ఇంకో బాధ ఉండేది. రోజూ మధ్యాహ్నం కాలవ మీది చెక్క వంతెన దాటి బస్సు వచ్చేది. ఆ బల్లలు దడదడమనగానే ఆయన ఉలిక్కిపడి, లేవబోయి, ఎవరినో పిలుస్తూ కేకలు పెట్టేవారు. అవే మాటలు, అదే పిలుపు, కళ్ళ నిండా భయం. నొప్పి అనుకుని మందు ఇచ్చాం. కల అనుకుని నిద్రకు మందు ఇచ్చాం. సిస్టర్ గారు చెవి దగ్గర పెట్టి వింటే 'గోడ' అన్న మాట మాత్రం అర్థమైంది. గోడంటే ద్రాక్షగోడే అనుకుని మంచం కిటికీ వైపు జరిపి చూపించాం. ఏమీ తగ్గలేదు.

బిషప్ గారూ పైవాళ్ళూ ఆయన ఇంటికి కబురు పంపారు. ఈస్టరు దగ్గర పడుతుండగా ఆయన తమ్ముడు వచ్చాడు. పొట్టి మనిషి, ఎండకు కాలిన మెడ, మట్టి ఇంకిపోయిన చేతులు. మన వేసవిలో ఉన్ని కోటు వేసుకుని, తాడు కట్టిన పెట్టె భుజాన పెట్టుకుని జీపు దిగాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుని ముప్పై ఏళ్ళు దాటిపోయిందని సిస్టర్ గారు చెప్పారు. మంచం దగ్గరికి వెళ్ళి టోపీ తీసి నిలబడ్డాడు. ఫాదర్ గారు ఆయన్ని పైకీ కిందికీ చూసి కోపంగా ఏదో అన్నారు. తమ్ముడు పకాలున నవ్వి, నవ్వుతూనే కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. ఏమన్నారని సిస్టర్ గారు అడిగితే, వచ్చీరాని బడి ఇటలీ భాషలో ఆమెకు చెప్పాడు: "ఇంత పొద్దెక్కిందాకా ఎక్కడ తిరుగుతున్నావు, బుట్టలేవి, అని అడుగుతున్నాడు."

ఆ మధ్యాహ్నం బస్సు వచ్చింది. వంతెన దడదడలాడింది, ఆయన కేకలు పెట్టారు. తమ్ముడి మొహం తెల్లబోయింది. మంచం పట్టె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. సిస్టర్ గారు మెల్లగా అడిగితే చెప్పాడు. వాళ్ళ పిన్న వయసులో ఒక ఏడు, కోతల్లో, తెరిపి లేని వాన పట్టింది. తండ్రీ కొడుకులు ముగ్గురూ కొండ మీద ఉండగా పై మెట్టు గోడ ఉబ్బి దడదడమని కూలింది. తండ్రి దాని కింద పడిపోయాడు. తమ్ముడు తండ్రి వైపు పరుగెత్తబోతే అన్న వెనక నుంచి పట్టుకుని ఆపాడు. మిగిలిన గోడ కూడా అప్పుడే దిగింది. ఆ మరుసటి ఏడు అన్న ఫాదర్ కావడానికి గురువిద్యకు వెళ్ళిపోయాడు, తరవాత దేశమే దాటిపోయాడు. తల్లీ తమ్ముడూ మిగిలి ఆ రాళ్ళన్నీ మళ్ళీ ఎత్తి కట్టుకున్నారు.

"మమ్మల్ని మరిచిపోయాడనుకున్నాను. ఆ పని తప్పించుకుని పోయాడనుకున్నాను," అన్నాడట. "అన్న పిలిచేది నన్ను. గోడ కింది నుంచి ఇవతలికి రమ్మంటున్నాడు. ఇన్నేళ్ళుగా నన్ను అక్కణ్ణించి ఇవతలికి లాగుతూనే ఉన్నాడు."

మర్నాటి నుంచి బస్సు వేళకు తమ్ముడు అన్న పక్కన కూర్చునేవాడు. వంతెన మోగగానే అన్న ఎడమ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఒక మాట చెప్పేవాడు: వచ్చేశాను, నీ పక్కనే ఉన్నాను, అని. ఆ ఒక్క మాటకు, మేమిచ్చిన ఏ మందుకూ లొంగని ఆ భయం దిగిపోయేది.

ఇక ఫాదర్ గారిని ఇటలీ తీసుకుపోవడానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. తమ్ముడు వచ్చింది అందుకే. పైవాళ్ళూ ఒప్పుకున్నారు. ఊరు ఊరుకోలేదు. పెద్దవాళ్ళంతా కలిసి మాట్లాడమని మా నాన్నను ముందుకు తోశారు. మా నాన్న తలగుడ్డ చేత్తో పట్టుకుని, సిస్టర్ గారి ద్వారా చెప్పుకున్నాడు.

"ఆయన మా మనిషండీ. మట్టిలో కలిసేది కూడా మాతోనే అని ఎన్నిసార్లు చెప్పాడో. మేం చూసుకుంటాం, ఏ లోటూ రానియ్యం."

తమ్ముడు శ్రద్ధగా విని, కోపం లేకుండా జవాబిచ్చాడు. సిస్టర్ గారు దాన్ని తెలుగులో చెప్పలేక ఒకసారి ఆగారు. "మీరు మంచివాళ్ళు, కానీ ఆయన ఇక్కడ లేడు అంటున్నాడు. ఆయన మనసులో మీరెవరూ లేరట, ఆ కొండే ఉందట. ఆయన ఎక్కడ ఉన్నాడో అక్కడికే తీసుకుపోతానంటున్నాడు."

అది నిజమేనని మా అందరికీ తెలుసు.

ఈస్టరు వెళ్ళిన వారంలో ద్రాక్ష పండింది. చిత్రంగా ఆ ఏడు కాపు బాగుంది. పడిపోయే ముందు ఆయన చేసిన కత్తిరింపు చలవ కావచ్చు, చేపల వలలు తెచ్చి పిల్లలు పందిరి మీద కప్పడం వల్ల కావచ్చు. తమ్ముడు అంతవరకూ ఆ గోడను సరిగా చూడలేదు. గుత్తులు కోద్దామని పొద్దున్నే వెళ్ళినవాడు కోయడం మాని గోడ ముందు కూర్చుండిపోయాడు. అరచేత్తో తడిమాడు. ఒక మూల జారిన రాయిని లాగి తీసి, తిప్పి, మళ్ళీ పెట్టబోయాడు. అటుగా వచ్చిన మా నాన్న చూడలేక, దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని ఇంకో వైపు తిప్పి సందులో కూర్చోబెట్టి, చిన్న రాయితో బిగించాడు. తమ్ముడు మా నాన్న మొహంలోకి చూశాడు. ఆ తరవాత ఇద్దరూ ఆ మూలంతా విప్పి కట్టడంలో పడ్డారు.

ఎండ ఇంకా ముదరలేదు కదా అని నేను ఫాదర్ గారిని పడక్కుర్చీలో అక్కడికి తీసుకువెళ్ళాను. తమ్ముడు ఒక పండు తెంపి అన్న నోట్లో పెట్టాడు. ఆయన మొహం చిట్లించి ఏదో అంటే తమ్ముడు నవ్వుతూ సిస్టర్ గారికి చెప్పాడు, ఇది మన పండు కాదు, ఎవడు నాటాడు ఈ పల్లపు నేలలో అని అడుగుతున్నాడట. నువ్వే నాటావు అని తమ్ముడు చెప్పినా ఆయన నమ్మలేదు. కాసేపు మా నాన్న పని చేయడం చూస్తూ కూర్చున్నారు. మా నాన్న ఒక పెద్ద రాయిని ముందుకు పెట్టబోతున్నాడు. ఫాదర్ గారు కుర్చీలోంచి ముందుకు వంగి, ఎడమ చేత్తో వెనక్కి వెనక్కి అని సైగ చేస్తూ, తమ యాసలో గబగబా చెప్పసాగారు. ఒక మాట అయ్యింది. రెండో మాట అయ్యింది. ప్రతి మాట చివరా 'అండీ' అంటున్నారు.

మా నాన్న చేతిలో రాయి అట్లాగే ఆగిపోయింది. నేను సిస్టర్ గారి చెయ్యి పట్టుకున్నాను. పొరపాటున విన్నామేమో అనుకున్నాం. మళ్ళీ అన్నారు. మా నాన్న వైపు చూస్తూ, ఆ తెలియని మాటల చివర, స్పష్టంగా, మర్యాదగా, అండీ.

తమ్ముడు సిస్టర్ గారి దగ్గరికి వచ్చాడు. "ఏమిటా మాట? మా ఊళ్ళో అట్లాంటి మాట లేదే?"

ఆవిడ ఎట్లా చెప్పాలో తెలియక తడుముకుంది. దానికి అర్థమంటూ విడిగా ఏదీ లేదని, ఎదుటి మనిషి మీద గౌరవం ఉన్నప్పుడు ఇక్కడ మాట చివర చేరుస్తామని చెప్పింది. ఆయన మా నాన్నను చూశాడు, అన్నను చూశాడు. మా నాన్న రాయిని వెనక్కి జరిపి పెట్టి, "ఇట్టా బాగుందా అండీ ఫాదర్ గారూ?" అని అడిగాడు. ఫాదర్ గారు తల ఊపారు. మా నాన్న గోడ వైపు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

మర్నాడు పూజ అయ్యాక తమ్ముడు సిస్టర్ గారిని పిలిచి, తాను ఒక్కడే వెళ్తానని చెప్పాడు. "ఇక్కడ లేడన్నాను. తప్పు. అక్కడ ఒక కాలు, ఇక్కడ ఒక కాలు పెట్టి ఉన్నాడు. ఇవతలి కాలు కూడా లాగేస్తే పడిపోతాడు," అన్నాడట. కానీ ఒక కోరిక కోరాడు, అది నన్ను. బస్సు వేళకు తాను చెప్పే మాట నేను నేర్చుకోవాలి. తాను పోయాక రోజూ నేను చెప్పాలి.

వెళ్ళేలోపు తమ్ముడు కోసిన గుత్తులను బడి సామాన్ల గదిలో దండేలకు వేలాడదీశాడు. మా ఉక్కకు సగం కుళ్ళిపోయాయి. ఆరినవాటిని నేనూ సిస్టర్ గారూ ఆయనా కూర్చుని ఒలిచాం. మా అమ్మ ఆవకాయ జాడీ కడిగి ఎండబెట్టి ఇచ్చింది. రసం అందులో పోసి, ఏం చెయ్యాలో ఎప్పుడు వడకట్టాలో సిస్టర్ గారికి చెప్పాడు. ఆ పనిలో ఉండగానే నాకు ఆ మాట నేర్పాడు. నా నోరు తిరిగేది కాదు. తప్పు పలికితే చేతిలో పండు కింద పెట్టి, ఓపిగ్గా మళ్ళీ చెప్పేవాడు. వయసులో నా తండ్రి కన్నా పెద్దవాడు. నా చేత 'నేను నీ తమ్ముణ్ణి, వచ్చేశాను, నీ పక్కనే ఉన్నాను' అనిపించుకుంటూ కళ్ళు ఒత్తుకునేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ వచ్చు. ఎవరి ముందూ అనను.

బయలుదేరే రోజున అన్న నుదుటి మీద ముద్దు పెట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో చెప్పి, చివర అండీ అన్నాడు. ఊరంతా జీపు దాకా వెళ్ళాం. మా నాన్న ఆయన పెట్టె ఎత్తి పెట్టాడు.

ఆ తరవాత ఫాదర్ గారు రెండు వానాకాలాలు బతికారు. తెలుగు తిరిగి రాలేదు, అండీ ఒక్కటే వచ్చింది, దాంతోనే ఊరు సరిపెట్టుకుంది. జనం మళ్ళీ రావడం మొదలుపెట్టారు, తమ కష్టసుఖాలు తెలుగులో చెప్పుకునేవాళ్ళు, ఆయన తన కొండ భాషలో బదులు చెప్పేవారు, అండీ అనగానే తృప్తిగా లేచి వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నం బస్సు వచ్చేది. నేను చెయ్యి పట్టుకుని ఆ మాట చెప్పేదాన్ని. ఆడగొంతు అన్న తేడా ఆయనకు ఎన్నడూ తెలియలేదు, లేక తెలిసీ ఊరుకున్నారో. ఆ క్రిస్మసుకు జాడీ తెరిచి, పూజ చెప్పడానికి వచ్చిన తెలుగు ఫాదర్ గారు కలశంలో పోసి వాడారు. చింతపులుసులా ఉంది. చెంచాతో ఫాదర్ గారి నోట్లో పోస్తే చాలాసేపు అట్లాగే ఉంచుకుని, తరవాత మింగారు.

రెండో ఏడు ముసురులో, చివరి ఘడియల్లో నూనె పూసి ఇచ్చే అవస్థాభ్యంగనం అందుకుని, ఒక మధ్యాహ్నం ఆయన వెళ్ళిపోయారు. గుడి పక్కనే సమాధి చేశాం. సున్నం లేకుండా రాళ్ళు పేర్చి కడతానని మా నాన్న అడిగాడు గానీ కొత్తగా వచ్చిన ఫాదర్ గారు ఒప్పుకోక నాపరాళ్ళు పరిపించారు. తమ్ముడికి సిస్టర్ గారు కబురు పంపితే, కొండ మీది గుడిలో ఆయన పేర పూజ చెప్పించానని జవాబు వచ్చింది. ఆ తరవాత రాకపోకలు తెగిపోయాయి. నేను బెజవాడ ఆస్పత్రిలో చేరి, అక్కడే రిటైరయ్యాను.

ఇప్పుడు మా ఊరు వెళితే ఏదీ పోల్చుకోలేను. పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాయి, ఆ ఉప్పుకు తీగ ఎప్పుడో చచ్చిపోయింది. గోడ రాళ్ళు కొత్త హాలు పునాదిలోకి పోయాయి. మిషన్ ఆస్పత్రి మూసేశారు. చెక్క వంతెన పోయి కాంక్రీటుది వచ్చింది, దాని మీద బస్సు వెళ్ళినా చప్పుడుండదు. ఇటలీ నుంచి ఫాదర్లు రావడం ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు మన పిల్లలే గురువులై అక్కడికి వెళుతున్నారు. మా అన్నయ్య కొడుకు కూడా ఆ దేశంలోనే ఒక పల్లెలో ఫాదరుగా గుడి విచారణ చూస్తున్నాడు. పూజకు వచ్చేదంతా ముసలివాళ్ళేనట, తోటలు చేసేవాళ్ళు లేక చుట్టూ పొదలు పెరిగిపోతున్నాయట.

నిరుడు సెలవు మీద వచ్చి మా ఇంట్లో భోంచేస్తూ, ముద్ద చేత్తో పట్టుకుని ఆగి, "అత్తా, దీన్ని మనం ఏమంటాం?" అని పచ్చడి వైపు చూపించాడు. చిన్నప్పుడు గిన్నె నాకిన పచ్చడి. గోంగూర రా, అన్నాను. నవ్వి తిన్నాడు. నాకు మాత్రం ఫాదర్ గారు గుర్తొచ్చారు. వాడికీ ఒకనాటికి వయసు మీద పడుతుంది. ఒంట్లో ఏ దెబ్బ తగిలో, అక్కడ నేర్చుకున్న మాటలన్నీ రాలిపోయి మా కాలవ గట్టు మాటలొక్కటే నోట మిగిలితే, మంచం పక్కన కూర్చున్న నర్సు పిల్లకు ఒక్క ముక్క అర్థం కాదు. నొప్పి అనుకుంటుంది, కల అనుకుంటుంది, మందు ఇస్తుంది. వాడు ఎవరిని పిలుస్తున్నాడో నలుగురినీ అడిగి తెలుసుకునే ఓపిక ఆ పిల్లకు ఉండాలి. ఆ పిల్ల ఎవరో, ఇంకా పుట్టిందో లేదో కూడా నాకు తెలియదు. రోజూ జపమాల చెప్పుకునేటప్పుడు మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం ఒకటి మాత్రం ఆ పిల్ల కోసం చెబుతున్నాను.